గట్టు లేని గీత

వదిన పోయి ఆరు నెలలైంది. ఆమె ఉన్నంతకాలం ఈ సంగతి నోట రానివ్వనని అన్నయ్యకు మాట ఇచ్చాను. ఆ గడువు ఇప్పుడు తీరింది. కథ అల్లడం నాకు చేతకాదు. నా వృత్తి అంతా ఉన్నదాన్ని చూసి ఉన్నట్టు రాయడమే గనక, ఇదీ అలాగే రాస్తాను.

ఆ ఏడు వానలు పది రోజులు ముందుగా దిగాయి. అప్పటికి పదకొండేళ్ళుగా నేను ఒక నాణేల గ్రేడింగ్ సంస్థలో పరీక్షకుణ్ణి. విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివి, పాత నాణేల మీద పరిశోధన మొదలుపెట్టి, అది పూర్తి చెయ్యకుండానే అక్కడ చేరాను. సేకరణదారులు తమ నాణేలు మాకు పంపుతారు. అసలుదో నకిలీయో, ఎంత అరిగిందో తేల్చి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి సీలు వేసి, పైన చీటీ అంటించి వెనక్కి పంపుతాం. వాటిలో నా బల్ల మీదికి వచ్చేవి అవకరమున్న నాణేలు: బొమ్మ పక్కకి జరిగినవి, అంచు లేనివి, ముఖం మీద ముఖం రెండుసార్లు పడ్డవి. ఆ అవకరం టంకశాలలోనే కలిగి ఉంటే నాణెం అపురూపమవుతుంది, వెతుక్కుంటూ వస్తారు. బయటికి వచ్చాక ఏ యంత్రం పళ్ళలోనో, ఎవడి సుత్తి కిందో కలిగి ఉంటే అది ఉత్త చెడిపోయిన నాణెం. మా గదిలో మొదటిదాన్ని పుట్టుమచ్చ అనీ, రెండోదాన్ని దెబ్బ అనీ పిలుచుకునేవాళ్ళం.

రెంటినీ వేరు చేసే పద్ధతి చెప్పడానికి తేలికే. అచ్చు పడిన నాణేన్ని ఏదైనా గీస్తే, లేచిన లోహం ఎక్కడికీ పోదు. నాగలి చాలు పక్కన మట్టి లేచినట్టు, గీత పక్కన సన్నని గట్టు లేస్తుంది. అలా కాక, అచ్చు పడే క్షణంలోనే అచ్చుకూ నాణెం కాబోయే బిళ్ళకూ నడుమ ఏ పోగో పొట్టో ఇరుక్కుంటే దాని ఆకారం లోహంలోకి దిగుతుంది, పక్కన గట్టు లేవదు. గట్టుంటే దెబ్బ, లేకుంటే పుట్టుమచ్చ. చెప్పడానికి ఇంతే. చూడటంలోనే ఉంది కష్టమంతా.

వానలు మొదలైన మూడో రోజున నా బల్ల మీది పళ్ళెంలోకి ఓడ నాణెం వచ్చింది.

ఆ నాణెం గురించి చెప్పాలంటే అన్నయ్య గురించి చెప్పాలి. అన్నయ్య టంకశాలలో నాలుగో నంబరు ప్రెస్సు నడిపేవాడు. నా బల్ల మీదికి అది రావడానికి పదహారేళ్ళ ముందు, ఏదో ఓడరేవు తెరిచిన సందర్భంలో ప్రత్యేకంగా ఓడ బొమ్మతో నాణేలు కొట్టారు. ప్రారంభోత్సవం వేదిక మీద, అంత పెద్ద సభలో, ముఖమల్ పెట్టె మూత తీసి చూస్తే మొదటి నాణెం మీద గీత ఉంది. తెరచాప కొస నుంచి కింద అల దాకా, వంకరగా, జుట్టు రాలి పడినట్టు. విచారణ పెట్టారు. ప్రెస్సు దగ్గర అచ్చు తుడవడంలో అజాగ్రత్త అని ప్యాకింగ్ విభాగం చెప్పింది. నా ప్రెస్సులోంచి అది శుభ్రంగా దిగింది, ప్యాకింగ్‌లో ఏదో గీసుకుంది అని అన్నయ్య చెప్పాడు. ప్యాకింగ్ మాటే నిలిచింది. అన్నయ్యను ప్రెస్సు నుంచి తీసి వెనక గేటు దగ్గర లారీల లెక్క రాసే కుర్చీలో కూర్చోబెట్టారు. ఇంకెప్పుడూ ప్రెస్సు ముట్టుకోనివ్వలేదు. రెండేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని, ఒకరోజు రాజీనామా ఇచ్చి వచ్చేశాడు. గేటు దగ్గర ఏం పని ఉంటుందో నేను ఒకసారి అడిగితే, "లోపలికి వెళ్ళేవాళ్ళని చూడటం," అన్నాడు.

కరిగించవలసిన ఆ నాణెం కరగలేదు. ఎవరి చేతి మీదుగా బయటపడిందో తెలియదు గానీ, నేను సంస్థలో చేరకముందే ఎవరో దాన్ని మా దగ్గరికి పంపారు. ఎవరో చూసి 'టంకశాల లోపం' అని చీటీ అంటించారు. ఇప్పుడు దాన్ని కొత్తగా కొన్నాయన, ఇది దెబ్బే, మీ చీటీ తప్పు, మళ్ళీ చూడండి అని రాశాడు. సొంత అన్న కథ ఉన్న నాణేన్ని నేను పరీక్షించకూడదు. ఆ మాట మా పెద్ద మేడమ్‌తో చెప్పి పళ్ళెం పక్కకు జరిపి ఉండవలసింది. జరపలేదు.

పెట్టె పగలగొట్టించి, దీపాన్ని బల్ల ఎత్తుకు దించి, పక్కనుంచి వెలుగు పడేలా పెట్టి చూశాను. తెరచాప కొసన, గీతకు ఎడమవైపు, గట్టు ఉంది. గీత అడుగున చిన్న చిన్న అలలున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి, దాదాపు సమానమైన దూరంలో. గట్టి కొస ఉన్న పనిముట్టు లోహం మీద జారుతూ అదిరితే అటువంటి అలలే పడతాయి. అటువంటివి నేను వందలు చూశాను. గట్టు, అదురు, రెండు సాక్ష్యాలు చాలు. నా నోట్సులో 'దెబ్బ' అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. పదకొండేళ్ళలో ఏ మాట కిందా గీత గీసినవాణ్ణి కాను.

ఇంటికి వెళ్ళేసరికి సాయంత్రం అయిదయింది. అన్నయ్యా వదినా కింది భాగంలో ఉండేవారు, నాది మేడ మీద గది. పెళ్ళి చేసుకోలేదు, ఇంకెక్కడికీ పోలేదు. అన్నయ్య మంచం కిటికీ పక్కన వేసి ఉంది. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఈ వానలు గడిస్తే చూద్దాం అని డాక్టరు చెప్పి, ఏం చూస్తాడో చెప్పలేదు. వదిన కుట్టుమిషన్ దగ్గర ఉంది. అన్నయ్య ఉద్యోగం మానేసినప్పటి నుంచీ ఇల్లు చాలావరకు ఆ మిషన్ మీదే నడిచింది.

"ఒరేయ్ పండితుడూ," అన్నాడు అన్నయ్య నన్ను చూసి. "నువ్వు నిలువునా తడిశావు, సంచీ మాత్రం పొడిగా ఉంది. గొడుగు పుస్తకాల కోసం కొన్నావేంట్రా?"

"అదే గొడుగు ఒక మనిషికి పట్టి ఉంటే ఈపాటికి పిల్లలు కాలేజీకి వచ్చేవాళ్ళు," అంది వదిన, మిషన్ ఆపకుండానే.

"అన్నయ్యా, ఓడ నాణెం నా బల్ల మీదికి వచ్చింది."

మిషన్ ఆగింది.

"ఏ ఓడ?" అన్నాడు అన్నయ్య. అడగనవసరం లేదు. ఏదో ఒకటి అనడానికి అన్నాడు.

"అదే. గీతున్నది. ఇవాళంతా చూశాను. గట్టుంది."

"గట్టుంటే ఏమిటి?" అంది వదిన.

"గట్టుంటే ప్రెస్సులో జరిగింది కాదు వదినా. అచ్చు పడ్డాక, బయట గీసుకున్న దెబ్బ."

వదిన లేచి వచ్చి అన్నయ్య మంచం కోడు పట్టుకుని నిలబడింది. ఆమె ముఖం ఎలా ఉందో నేను వర్ణించలేను. అన్నయ్య మాత్రం నా చేతులకేసి చూస్తున్నాడు, వాటిల్లో నాణెం ఉందేమో అన్నట్టు.

"గట్టు ఎంత పొడుగుంది?" అన్నాడు.

"కొసన బాగా తెలుస్తోంది."

"కొసన సరే. కింద అల దగ్గర?"

"ఇంకా పూర్తిగా చూడాలి."

"ఊ," అన్నాడు అన్నయ్య.

పనివాడి ప్రశ్న అది. దానికి నేను పనివాడిలా జవాబు చెప్పలేదు. వదినకు అదేమీ పట్టలేదు. "పదహారేళ్ళండీ," అంది. "పదహారేళ్ళు నోరు మూసుకుని ఆ ఇంటి ముందునుంచి నడిచాను." కొక్కేనికి ఉన్న నా తడి గొడుగు తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా, వీధిలోకి దిగింది.

ఆ ఇల్లు మా వీధిలోనే నాలుగో ఇల్లు. ప్యాకింగ్ విభాగంలో పెద్దగా చేసి రిటైరైన ఆయనది. విచారణలో సంతకం పెట్టింది ఆయనే. వదిన ఆ గుమ్మంలో నిలబడి ఆయన భార్యతో ఏమందో నేను వినలేదు. వీధిలో మిగిలిన అందరూ విన్నారు. తిరిగి వచ్చి, పాదాలు తుడుచుకుని, మళ్ళీ మిషన్ దగ్గర కూర్చుంది.

"కాగితం ఎప్పుడిస్తారయ్యా?" అంది.

"రెండు వారాలు పడుతుంది."

"ఆయన చేతికివ్వాలి. నాక్కాదు, వాళ్ళకి కాదు. ఆయన చేతికి. ఈ లోపల ఏదీ..." అని ఆగిపోయింది. ఈ లోపల ఏదీ జరగకుండా ఉండాలి అని ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

పాత చీటీని కొట్టివెయ్యాలంటే మా సంస్థలో రెండో కన్ను కావాలి. ఎప్పుడైనా చిక్కు వస్తే టంకశాలలో పనిచేసి మానేసినవాళ్ళను పిలిపించి చూపించే ఆనవాయితీ కూడా ఉంది. పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళి, నాకు తెలిసిన ఒక ప్రెస్సు మనిషి ఉన్నాడని చెప్పాను.

మేడమ్‌కు అరవై దాటాయి. నాణేన్ని చూసినట్టే మనిషినీ అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుంది. "తెలిసిన మనిషా?" అంది.

"అవును."

"నిలబడగలడా, కుర్చీ వెయ్యాలా?"

"కుర్చీ వేస్తే మంచిది."

"తీసుకురండి," అంది.

అన్నయ్యను తీసుకువెళ్ళనవసరం లేదు. రెండో కన్నుగా ఇంకెవరినైనా పిలవవచ్చు. కానీ ఆ నాణెం ఒక్కసారి ఆయన చేతిలో పెట్టాలని నాకు కోరిక పుట్టింది. తన మీద పడ్డ నింద ఎంత తేలికగా, ఎంత సన్నటి గట్టు మీద వీగిపోతుందో ఆయన కళ్ళారా చూడాలి. నా పాండిత్యం ఆ ఇంటికి ఏనాడూ ఏ ఉపయోగానికీ రాలేదు. ఒక్కసారి వస్తే చూసుకోవాలనుకున్నాను. నేను చేసిన తప్పులన్నిటికీ మూలం ఆ కోరికే.

గురువారం మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చినప్పుడు ఆటోలో తీసుకువెళ్ళాను. వదిన ఆయనకు ఇస్త్రీ చొక్కా తొడిగి, తల దువ్వి, గుమ్మం దాకా వచ్చి, "బాగా చూడండి. వాళ్ళు ఏమరుస్తారేమో, మీరు ఏమరకండి," అంది.

"నేను చూసేదేముంది, మన పండితుడు చూశాడుగా," అన్నాడు అన్నయ్య. కానీ జేబు తడుముకుని కళ్ళజోడు ఉందో లేదో చూసుకున్నాడు.

నా గదిలో ఆయన్ను నా కుర్చీలోనే కూర్చోబెట్టాను. మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా ఆగాడు. మేడమ్ వచ్చి నమస్కారం పెట్టి, పక్క బల్ల దగ్గర ఏదో రాసుకుంటున్నట్టు కూర్చుంది. నాణేన్ని మెత్తని బట్ట మీద ఆయన ముందుంచాను.

ఆయన వెంటనే తియ్యలేదు. రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకుని, అంచులు మాత్రమే పట్టుకుని ఎత్తాడు. మొదట భూతద్దం లేకుండా, కిటికీ వెలుగులో, నాణేన్ని నెమ్మదిగా వంచుతూ చూశాడు. "దీని అంచు చూడరా, ఎంత బాగా దిగిందో," అన్నాడు. "నాలుగో నంబరు అంచు ఇలాగే దిగేది." ఆ క్షణంలో ఆయన ముఖంలో జబ్బు లేదు.

"గట్టు చూడు," అన్నాను. "కొసన."

భూతద్దం పెట్టాడు. చూశాడు. దీపం దించమన్నాడు. దించాను. నాణేన్ని పావు చుట్టు తిప్పాడు, మళ్ళీ చూశాడు, ఇంకో పావు తిప్పాడు. నేను గడియారం చూడలేదు గానీ చాలాసేపే పట్టింది. మధ్యలో మేడమ్‌కు ఫోను వచ్చి బయటికి వెళ్ళింది. ఆమె తలుపు వేసిన చప్పుడు అయ్యాక అన్నయ్య తల ఎత్తాడు.

"ఒరేయ్, ఈ గట్టు వేరు, గీత వేరు."

"ఎలా?"

"గట్టు గోరంత కూడా లేదు. దీన్ని పెట్టెలో దించేటప్పుడు పట్టకారో ఏదో తగిలింది. అది గీత పక్కన పడింది, అంతే. మిగతా గీతంతా చూడు, ఎక్కడుంది గట్టు?"

చూశాను. లేదు. మొదటి రోజు కూడా లేదు.

"మరి ఆ అలలో? పనిముట్టు అదిరితే పడతాయి."

"పనిముట్టు అదిరితే ఒక అల లోతుగా, ఒకటి పైపైన పడుతుంది. ఇవన్నీ ఒకే లోతు." ఆయన నాణేన్ని బట్ట మీద దించాడు. భూతద్దం నా చేతికిచ్చాడు. "అడుగున చూడు. మెలిక కనపడుతోందా?"

ఈసారి ఏం వెతకాలో తెలిసి చూశాను. గీత అడుగున, అలల వెంటే, రెండు పోగులు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగిన మెలిక అచ్చు గుద్దినట్టు ఉంది.

"దారం," అన్నాను.

"దారమే. అచ్చు మీద పడి ఉంది, నేను చూసుకోలేదు. నా ప్రెస్సులోదే రా ఇది."

ఆయన తనకు తాను చెప్పుకుంటున్నట్టు మెల్లగా చెప్పాడు. మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతూ చెప్పాడు.

"అచ్చులు తుడవడానికి మాకు బట్టముక్కలు ఇచ్చేవాళ్ళు. ఉత్త కత్తిరింపు ముక్కలు. నూగు రాలేది. మీ వదినతో ఒకసారి విసుక్కున్నాను. ఆవిడ మెత్తబడ్డ దుప్పటి చింపి, నాలుగు అంచులూ మడిచి, పోగు ఊడకుండా రెండు వరసలు మిషన్ కుట్టు వేసి ఇచ్చింది. పన్నెండు ముక్కలు. బయటి బట్ట ప్రెస్సు దగ్గరికి తేకూడదని రూలు. జేబులో పెట్టుకుపోయేవాణ్ణి. విచారణలో బట్ట సంగతి ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. కుట్టి ఉన్న బట్ట కదా, అందులోంచి ఏం ఊడుతుందిలే అనుకున్నానేమో. అసలు అనుకోనే లేదేమో."

"ఏ దారమైనా కావచ్చుగా అన్నయ్యా."

"కుట్టులోంచి ఊడిన దారానికి వంకీలుంటాయి. ప్రతి కుట్టు దగ్గరా ఒకటి. లాగి చక్కజేసినా పోవు." నాణెం మీది అలలను వేలితో చూపించాడు, తాకకుండా. "లెక్కపెట్టు కావాలంటే. ఆవిడ కుట్టు ఎంత దూరంలో పడుతుందో నాకు తెలుసు."

కిటికీ అద్దం మీద మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. నాకు తోచిన ఒకే మాట అన్నాను. "నేను దెబ్బ అని రాసేస్తాను."

"ఎందుకు?"

"గట్టుంది కదా."

అన్నయ్య నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. నీళ్ళు తాగించాను. "అలా రాసేవాడివైతే నన్నింత దూరం తీసుకురానక్కర్లేదుగా," అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు రాయి. నా పేరుకేముంది, పదహారేళ్ళు అలవాటైపోయింది. దారం సంగతి మాత్రం ఆవిడకి తెలియకూడదు. ఆవిడ ఉన్నంతకాలం."

"అడుగుతుంది."

"అడుగుతుంది. నేను చెబితే పట్టేసుకుంటుంది, నా మొహం చదవడం ఆవిడకి వచ్చు. నువ్వు చెప్పాలి. నీ మొహంలో ఏముందో ఇంతవరకు ఎవడికీ తెలీదు."

మాట ఇచ్చాను. చేతిలో చెయ్యి వెయ్యడం వంటివేమీ జరగలేదు. "సరే" అన్నాను, ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆయన్ను ఆటోలో కూర్చోబెట్టి వచ్చి, మేడమ్‌తో నిజం చెప్పాను. గీత దారానిదని తేల్చింది ఆయనేనని, ఆయన మా అన్నయ్య అని, ఆ ప్రెస్సు ఆయనదేనని.

"తెలుసు," అంది మేడమ్. "ఇద్దరికీ ఒకే చెవులు. ఆయన కూడా దెబ్బ అనే అని ఉంటే మీ ఇద్దరి మాటా తీసుకునేదాన్ని కాదు." తర్వాత, నాకేసి చూడకుండా, "రిపోర్టు నేను రాస్తాను. మీరు రెండో సంతకం పెడితే చాలు," అంది.

ఆ కాగితం మీద అచ్చుకూ బిళ్ళకూ నడుమ దారం అని ఉంది. పాత చీటీ నిలిచింది. సంతకం చేశాను. నకలు ఇంటికి తీసుకురాలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున అన్నయ్య, "నన్ను నాలుగో ఇంటి దాకా నడిపించు," అన్నాడు. అరవై అడుగుల దూరానికి మాకు పావుగంట పట్టింది. వదిన గుమ్మంలోంచి చూస్తూ నిలబడింది. మందలించడానికి వెళుతున్నాడనుకుంది.

ప్యాకింగ్ ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు. లావుపాటి మనిషి. నాణేలు లెక్కపెట్టే యంత్రాల మోతకు ఒక చెవి పోయింది.

"ఏం, ఇద్దరూ కలిసి వచ్చారు? మీ ఆవిడ అన్నది చాల్లేదా?"

"నీకు వినబడిందా? చెవుడు కదా."

"ఆ గొంతు ముందు నా చెవుడు ఏ మూలకి," అన్నాడాయన. నవ్వాలా వద్దా అని ఇద్దరూ ఒక క్షణం తటపటాయించి, ఊరుకున్నారు.

అన్నయ్య ఊపిరి కూడదీసుకున్నాడు. వంగి, ఆయన మంచి చెవి దగ్గర, "అది నీ చేతుల్లో జరిగింది కాదు," అన్నాడు.

ప్యాకింగ్ ఆయన చాలాసేపు అన్నయ్య ముఖం చూశాడు. "మరి?"

"కాదు, అంతే. మా ఇంట్లో అనకు. మీ ఇంట్లోనూ అనకు."

ఆయన లోపలికి తిరిగి, "మూడు టీ," అని కేకేశాడు. టీ వచ్చేదాకా ముగ్గురం వాన చూస్తూ కూర్చున్నాం.

ఆ మర్నాటి నుంచి ఆయన రోజూ మధ్యాహ్నం వచ్చి అన్నయ్య మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ప్రెస్సుల గురించి, పాత ఫోర్‌మన్ల గురించి, ఎవరెవరు పోయారో వాళ్ళ గురించి మాట్లాడుకునేవారు. వదిన ఆయనకు మంచినీళ్ళు కూడా అయిష్టంగానే ఇచ్చేది. "తప్పు తెలిసి వస్తున్నాడు," అంది నాతో, వంటింట్లో. "రానీ. కాగితం వచ్చిన రోజున కూడా ఇదే స్టూలు మీద కూర్చోవాలి." కాగితం ఏమైందని రోజుకొకసారి అడిగేది. ఇంకా తేలలేదని రోజుకొకసారి చెప్పేవాణ్ణి. అన్నయ్య ఆ మాటలు వింటూ గోడవైపు తిరిగి పడుకునేవాడు.

వానలు పట్టు విడవక ముందే, ఒక బుధవారం ఉదయం, టీ గ్లాసు వదిన చేతికి తిరిగి ఇస్తూ పోయాడు. గ్లాసు కింద పడలేదు. ఆమె పట్టుకుంది.

పదిహేను రోజుల తర్వాత వదిన మేడ మీదికి వచ్చింది. అన్ని సంవత్సరాల్లో ఆమె నా గదిలోకి రావడం అదే మొదటిసారి. కుర్చీ మీది పుస్తకాలు తీసి పక్కన పెట్టాను. కూర్చోలేదు.

"కాగితం వచ్చిందా?"

"వచ్చింది వదినా."

"ఏది?"

"తేలేదు. పాత చీటీయే నిలిచింది. అది దెబ్బ కాదు. మింట్‌లో జరిగిందే."

"నువ్వే కదా గట్టుందన్నావు?"

"తొందరపడ్డాను. మళ్ళీ చూస్తే కాదని తేలింది."

"ఆయన చూశాడు కదా ఆ రోజు. ఆయనేమన్నాడు?"

ఈ ప్రశ్న కోసం నేను ఆరు వారాలుగా సిద్ధపడుతున్నాను. అన్నయ్య ఒప్పుకున్నాడని చెబితే, ఏం చూసి ఒప్పుకున్నాడని అడుగుతుంది. ఆయనతో ముప్పై ఏళ్ళు బతికిన మనిషి, ప్రెస్సు పని నాకంటే బాగా తెలిసిన మనిషి. అడిగి అడిగి బట్ట దగ్గరికి వస్తుంది. అక్కడికి రాకుండా ఆపే జవాబు ఒక్కటే ఉంది.

"దెబ్బే అన్నాడు," అన్నాను.

"నువ్వు?"

"కాదన్నాను."

"ఆయన మొహం మీదే అన్నావా?"

"అన్నాను."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

"నీది తప్పు, తప్పంతా నీదేనని చెప్పి పంపించావన్నమాట మీ అన్నయ్యని. ఆ స్థితిలో ఉన్నవాణ్ణి."

"అవును వదినా."

"ఒక్క అబద్ధం చెప్పలేకపోయావా?"

ఆమె కాసేపు నా బల్లకేసి, భూతద్దంకేసి, గోడల పొడుగునా ఉన్న పుస్తకాలకేసి చూసింది. "నెలాఖరుకి వేరే గది చూసుకో," అంది.

మెట్లు తడిసి ఉన్నాయి. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. చెయ్యి అందించడానికి లేచి గుమ్మం దాకా వెళ్ళాను. వెనక్కి తిరగకుండానే వద్దన్నట్టు చెయ్యి ఊపింది. గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి, తనే దిగింది.